స్నో మాత్రం అడగొద్దు

మొన్న బుధవారం ఆఫీసులో పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఇక్కడ న్యూజెర్సీలో మా పార్సిప్పనీ కుర్రాళ్ళు ఈ శనివారం పెన్సిల్వేనియాలోని పోకొనోస్ కొండలకి స్కీయింగ్‌కి వెళ్తున్నారట. ఎవరెవరు వస్తారు, ఎన్ని కార్లు, ఎక్కడ కలవాలి, అన్నీ రాసి చివర్లో "స్నో పడాలని అందరూ ప్రే చేయండి" అని రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. దాని కింద వరసగా ఇంకో డజను జతల చేతులు.

పాపం వాళ్ళ తప్పేమీ లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. "స్నో పడమని అడగకూడదురా" అని టైపు చేసి మళ్ళీ చెరిపేశాను. ఎందుకు అడగకూడదని ఎవడో ఒకడు అడుగుతాడు. అప్పుడు అన్న గురించి చెప్పాలి. ఆ గ్రూపులో సగం మందికి ఆయనెవరో తెలియదు. పోయిన ఆగస్టులో నర్సాపురంలో ఆయన పోయారు. నేను వెళ్ళలేదు.

పేరు రాయను. పేరు రాస్తే ఆయన ఇబ్బంది పడేవారు. మా అందరికీ ఆయన అన్నే. మా టీములోనే పనిచేసేవారు, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను కరీంనగర్ వాణ్ణి కనక మొదటి రోజే "ఏం జేస్తున్నవన్నా" అన్నాను. గోదావరి మనిషి, అండీ లేకుండా కాఫీ కూడా అడగని మనిషి, ఒక్క క్షణం తడబడ్డారు. తర్వాత "ఆయ్, బానే ఉంది తమ్ముడూ, అలాగే పిలు" అన్నారు.

ప్రతి ఏడాదీ చలికాలంలో ఒక శనివారం మేం నలుగురం స్కీయింగ్‌కి వెళ్ళేవాళ్ళం. అన్న, నేను, మా పై అపార్ట్‌మెంట్ శ్రీధర్, వాళ్ళావిడ వినీత. వదినకి చలి పడదు, మా ఆవిడకి మేం పడం. బండి అన్నదే, నడిపేదీ అన్నే. ఇంకొకరికి తాళం ఇచ్చేవారు కాదు.

మొదటిసారి జరిగింది చెబుతాను. అందరం ఎక్కాం, బెల్టులు పెట్టుకున్నాం. అన్న తాళం పెట్టారు కానీ తిప్పలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచి, తల వంచి, కళ్ళు మూసుకున్నారు. నేను ఫోన్ మర్చిపోయారేమో అనుకున్నాను.

"ప్రేమగల తండ్రీ, ఈ ఉదయాన్ని ఇచ్చినందుకు వందనాలు," అని మొదలుపెట్టారు. "ఈ బండి నాలుగు టైర్లనూ నీ చేతికి అప్పగిస్తున్నాం. వెనకాల ఉన్న స్పేర్ టైరును కూడా అప్పగిస్తున్నాం. బ్రేకులను జ్ఞాపకం చేసుకో తండ్రీ. రూట్ ఎయిటీ మీద మా ముందు పోయే ట్రక్కులను, మా వెనక వచ్చే ట్రక్కులను, వాటిల్లో నిద్ర ఆపుకుంటున్న డ్రైవర్లను జ్ఞాపకం చేసుకో. వాళ్ళ పిల్లల్ని కూడా."

స్పేర్ టైరు దగ్గర శ్రీధర్‌కి నవ్వు ఆగలేదు, దగ్గినట్టు నటించాడు. నాకు సహనం తక్కువ. ఒక కన్ను తెరిచి టైము చూసుకున్నాను. అన్న మాత్రం ఏ ఒక్క పార్టునీ వదలకుండా పూర్తి చేసి ఆమెన్ అని, అప్పుడు తాళం తిప్పారు.

"ప్రతిసారీ గింత పెద్దగ చేస్తవా అన్నా?" అన్నాను.

"స్టీరింగ్ పట్టుకున్నోడే చెయ్యాలి తమ్ముడూ. వెనకాల కూర్చున్నోళ్ళ ప్రాణాలు వాడి చేతిలోనే కదా ఉంటాయి. నువ్వు నడిపే రోజు నువ్వు చేద్దువు గాని."

అది ఆయన రూలు. ఇంజన్ ఆపిన చోటల్లా మళ్ళీ ప్రార్థన. కాకపోతే అది చిన్నది. "తండ్రీ, మళ్ళీ మేమే," అనేవారు, పక్కింటి తలుపు కొట్టినట్టు. ఆ మాట కోసమే మేం ఎదురుచూసేవాళ్ళం.

మొదటి స్టాపు ఎప్పుడూ పెట్రోల్ బంకే, అదీ నది మీద వంతెన దాటి పెన్సిల్వేనియాలోకి వెళ్ళకముందే. న్యూజెర్సీలో పెట్రోల్ మన చేత కొట్టించరు, బంకులో మనిషి వచ్చి కొడతాడు. అన్నకి ఆ మనిషి కావాలి. అద్దం దించి, కార్డు ఇచ్చి, "ఎనీ ప్రేయర్ రిక్వెస్ట్, బ్రదర్?" అని అడిగేవారు. నేను సీట్లో కిందకి జారిపోయేవాణ్ణి. అక్కడ ఒక పంజాబీ పెద్దాయన ఉండేవాడు. మొదటి ఏడాది అనుమానంగా చూశాడు. రెండో ఏడాది తన మోకాలు చూపించాడు. మూడో ఏడాది మా బండి ఆగీ ఆగకముందే వచ్చి, మోకాలు నయమైందనీ ఇప్పుడు కోడలి సంగతి చూడాలనీ చెప్పాడు.

మమ్మల్ని మాత్రం ఊరికే వదులుతారా. బండి కదిలాక ఒక్కొక్కరినీ అడిగేవారు. "ఆయ్, చెప్పండి మరి. ఎవరికేం కావాలి?" వాళ్ళ చర్చిలో ప్రార్థన మనవులంటారట. మేం ఎవరమూ ఆ చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు, అయినా అడిగినందుకు ఏదో ఒకటి చెప్పేవాళ్ళం. శ్రీధర్ ఒకసారి తన మేనేజర్‌కి ట్రాన్స్‌ఫర్ కావాలన్నాడు. వినీత తమ్ముడికి వీసా ఇంటర్వ్యూ అంది. నేను ఎగతాళికి నడుం నొప్పి అన్నాను. అప్పుడు నాకు నడుం నొప్పి లేదు. సోమవారం ఆఫీసులో నా సీటు దగ్గరకి వచ్చి, "నడుం ఎలా ఉంది తమ్ముడూ?" అన్నారు. పై సోమవారం మళ్ళీ అడిగారు. ఐదో వారం ఆయన్ని చూసి సిగ్గేసి, తగ్గిపోయిందన్నా అని చెప్పాను. ఆయన అక్కడే నిలబడి, కళ్ళు మూసుకుని, పెదాలతో స్తోత్రం అన్నారు. ఆ రోజు నామీద నాకే కోపం వచ్చింది.

ఒకే ఒక్క కోరిక ఆయన ఎప్పుడూ తీసుకోలేదు. ఒక ఏడాది చలికాలం సరిగ్గా రాలేదు, కొండ మీద అంతా మిషన్లతో పోసిన మంచే. "అన్నా, స్నో పడాలని అడుగు," అన్నాను.

"స్నో మాత్రం అడగొద్దు."

"గదేంది? అడగందే అమ్మయినా పెట్టదంటరు."

"అమ్మ పెడుద్ది తమ్ముడూ. కానీ పక్కోడి కంచంలోంచి తీసి నాకు పెట్టమంటే పెడుద్దా? నీకు స్నో పడితే ఇంకొకడి బండి జారుద్ది. ఇంకొకడి డ్యూటీ ఆగిపోద్ది. మనది మనం అడగొచ్చు. పక్కోడిది తగ్గించి ఇచ్చేది అడక్కూడదు."

నదికి ఎదురుగా కొండ కనిపించే చోట రెండో స్టాపు. అక్కడ బండి బానెట్ మీద పేపర్ పరిచి, వదిన కాల్చి ఇచ్చిన దిబ్బరొట్టె పెట్టేవారు. అడుగు ఎర్రగా కాలిన మందపాటి మినప్పిండి రొట్టె. దాన్ని కోసే పని ఎవరికీ ఇచ్చేవారు కాదు. ప్లాస్టిక్ కత్తితో నాలుగు సమాన ముక్కలు చేసి, ఎర్రగా కాలిన అంచు ఎక్కువున్న ముక్క ఎవరికో ఒకరికి ఇచ్చి, తనకి మెత్తటిది ఉంచుకునేవారు. అల్లప్పచ్చడి సీసా మూత నా చేత తీయించేవారు కాదు, చల్లటి గాలికి వేళ్ళు బిగుసుకుపోయినా సరే తనే తీసేవారు. ఇది ఎందుకు గుర్తు పెట్టుకున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఇక స్కీయింగ్. ఏడాదికి ఒక్కసారే, అదీ పిల్లలు నేర్చుకునే చిన్న దిబ్బ మీద. పైకి తీసుకెళ్ళే బెల్టు మీద నిలబడి ఊరేగింపుగా వెళ్ళేవారు. పైనుంచి రెండు చేతులూ చాపి, మోకాళ్ళు వంచకుండా, తిన్నగా కిందకి వచ్చేవారు. ఆగడం ఆయనకి రాదు. నేర్చుకోమంటే వద్దనేవారు. "సైడు, సైడు, సైడండీ," అని తెలుగులో అంటూ వస్తుంటే అమెరికన్ పిల్లలు దారి ఇచ్చేవాళ్ళు. చివర్లో కంచెకి కట్టిన నారింజ రంగు వలలో పడి ఆగేవారు. లేచి, దులుపుకుని, "చాలు, ఈ ఏటికి అయిపోయింది," అని బూట్లు విప్పేసి, సాయంత్రం దాకా లోపల హాల్లో మా బ్యాగులకి కాపలా కూర్చునేవారు. మేం పడి లేచి వచ్చేసరికి ఎవరి గ్లవ్స్ వాళ్ళకి హీటర్ మీద ఆరబెట్టి ఉండేవి.

మేం చివరిసారి వెళ్ళింది రెండేళ్ళ క్రితం జనవరిలో. దిబ్బరొట్టె దగ్గర ప్లాస్టిక్ కత్తి రెండుసార్లు కింద పడింది. మూడోసారి వినీత తీసుకుని కోసింది. పచ్చడి మూత శ్రీధర్ తీశాడు. చలి అనుకున్నాం.

స్కీ బూట్లు అద్దెకి ఇచ్చే హాల్లో బల్ల మీద కూర్చుని అన్న బూటు బకిల్ పెడుతున్నారు. ఇనుప కొక్కెం, గట్టిగా నొక్కాలి. నొక్కుతున్నారు, జారుతోంది. మళ్ళీ నొక్కుతున్నారు. పక్కన ఆరేళ్ళ పిల్ల తన బూట్లు తనే పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను. "అన్న వర్సెస్ బూటు, రౌండ్ వన్," అని కామెంటరీ కూడా చెప్పాను. అన్న తల ఎత్తి ఫోన్ వైపు నవ్వారు. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు. వీడియో అప్పటికప్పుడే గ్రూపులో పెట్టేశాను. నా నోరే కాదు, నా చెయ్యీ ఊరుకోదు.

కాసేపటికి ఆయన మెల్లగా, "తమ్ముడూ, ఓసారి నువ్వు పెట్టు," అన్నారు. వంగి బకిల్ పెట్టాను. ఆయన కుడి చెయ్యి నా భుజం మీద ఉంది. అది వణకడం లేదు. అసలు బరువే లేదు. బొటనవేలి పక్కన కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది.

ఆ రోజు దిబ్బ ఎక్కలేదు. బూట్లు వేసుకుని ఊరికే కూర్చున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు పార్కింగ్‌లో తాళం నా చేతిలో పెట్టారు. అన్నేళ్ళలో అదే మొదటిసారి. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. అన్న పక్క సీట్లో తల వంచి ఉన్నారు.

"రూలు రూలే తమ్ముడూ. నువ్వు చెయ్యి."

"నాకు రాదన్నా. మాదంత కొబ్బరికాయ కొట్టుడే," అన్నాను.

శ్రీధర్ నవ్వాడు. అన్న కూడా నవ్వి, సరేలే అని తనే చేశారు. టైర్లు, స్పేరు, బ్రేకులు, ట్రక్కులు. ఏదీ వదల్లేదు. ఆ తర్వాత అలవాటుగా శ్రీధర్, "మరి నీకేం వద్దా అన్నా?" అన్నాడు. ప్రతి ఏడాదీ అడిగేవాళ్ళం, ప్రతి ఏడాదీ "నాకేముంది, పోనీ బండి" అనేవారు. ఈసారి ఒళ్ళో ఉన్న చేతుల వైపు చూసుకున్నారు.

"చేతులు," అన్నారు. "నాలుగు నెలల్నించి మాట వినట్లేదు. డాక్టరు దగ్గరకెళ్ళాను. నరాల జబ్బంట. ముందు చేతులు, తర్వాత కాళ్ళు, తర్వాత మాట. మందు లేదన్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

వినీత ఏడవడం మొదలుపెట్టింది. నేను ఫోన్ తీసి ఆ వీడియో డిలీట్ చేశాను. అప్పటికే ఎందరు చూసి నవ్వారో నవ్వారు.

ఆయన పన్నెండేళ్ళుగా గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నారు. అది మా అందరికీ తెలుసు. ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ లైన్లో చోటు, ఉద్యోగం ఉన్నంతకాలమే ఇక్కడ ఇల్లు, డాక్టరు, వాళ్ళ పాప చదువు. ఉద్యోగానికి చేతులు కావాలి. ఆయన వంతు, మేం డేటు అంటాం, ఇంకో ఏడాదిలో వచ్చేటట్టుంది.

"డేటు తొందరగా రావాలని అడుగుదాం అన్నా," అన్నాడు శ్రీధర్.

"అదెలా అడుగుతానయ్యా. నా ముందు ఎంతమంది ఉన్నారు. నన్ను ముందుకి తొయ్యమంటే వాళ్ళని వెనక్కి నెట్టమనే కదా. చేతులైతే నావే. డేటు వచ్చేదాకా ఉంచమని అడగండి. అంతే చాలు."

మేం అడిగాం. ఎవరికి తెలిసిన పద్ధతిలో వాళ్ళం అడిగాం. మా ఆవిడ వేములవాడకి మొక్కుకుంది. వినీత శనివారాలు ఉపవాసం ఉంది. వాళ్ళ చర్చిలో నలభై రోజులు ప్రార్థనలు పెట్టారు. శ్రీధర్ ముగ్గురు లాయర్లతో మాట్లాడాడు, ముగ్గురూ సారీ అని మర్యాదగా చెప్పారు. నేను ఆఫీసులో ఆయన పక్క సీటుకి మారాను. ఆయన మెల్లగా చెబుతుంటే నేను టైపు చేసేవాణ్ణి. ఎవరైనా వస్తే ఇద్దరం కలిసి ఏదో చూస్తున్నట్టు స్క్రీన్ వైపు వంగేవాళ్ళం. ఆరు నెలలు అలా నెట్టుకొచ్చాం. ఆ ఆరు నెలల్లో కూడా సోమవారం వస్తే, "నీ నడుం ఎలా ఉంది తమ్ముడూ?" అని అడిగేవారు. ఆ అబద్ధం సంగతి నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత మాట ముద్దగా అయింది. మీటింగులో ఆయన చెప్పింది మేనేజర్‌కి అర్థం కాలేదు. ఆయన మళ్ళీ చెప్పారు. మళ్ళీ అర్థం కాలేదు. నేను పక్కనుంచి చెప్పబోతే మేనేజర్ నన్ను ఆపాడు. చెడ్డవాడు కాదు, అతని కళ్ళల్లో నీళ్ళు కూడా చూశాను. కానీ అతనేం చేస్తాడు. సెలవు ఇచ్చారు, సెలవు అయిపోయింది, ఉద్యోగం పోయింది. డేటు ఇంకా రాలేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియక నేను ఇంట్లో అందరి మీదా కోప్పడ్డాను.

మరుసటి జనవరిలో అన్న, వదిన, పాప ముగ్గురూ నర్సాపురం వెళ్ళిపోయారు. సూట్‌కేసులు శ్రీధర్ తన బండిలో వేసుకున్నాడు. అన్నని నేనూ శ్రీధరూ కలిసి ఎత్తి, అన్న బండిలోనే, ముందు సీట్లో కూర్చోబెట్టాం. బెల్టు నేనే పెట్టాను. శ్రీధర్ ముందు బయల్దేరాడు. ఆ బండిని అప్పటికే ఎవరికో అమ్మేశారు, ఎయిర్‌పోర్ట్ నుంచి తిరిగి వచ్చి నేను అప్పగించాలి. వదిన, పాప వెనక సీట్లో ఉన్నారు. పాపకి పదహారేళ్ళు. ఆ వీధి, ఆ స్కూలు తప్ప ఇంకేం తెలియదు.

పదకొండు గంటలు. ఎండ బాగా కాస్తోంది. తాళం తిప్పబోయాను.

"అంకుల్," అంది పాప వెనకనుంచి. "డాడీ వెయిట్ చేస్తున్నాడు. ప్రేయర్ కోసం."

పక్కకి చూశాను. అన్న తల వంచి, కళ్ళు మూసుకుని ఉన్నారు. చేతులు వదిన సర్ది పెట్టినట్టే ఒళ్ళో ఉన్నాయి. మాట పోయి రెండు నెలలైంది. స్టీరింగ్ నా చేతుల్లో ఉంది.

ఇంతకు ముందు ఒకసారి తప్పించుకున్నాను. ఈసారి ఎవరూ నా బదులు చేసేవాళ్ళు లేరు.

"తండ్రీ, మళ్ళీ మేమే," అన్నాను. నాకు వచ్చింది అదొక్కటే. కాసేపటికి టైర్లు గుర్తొచ్చాయి. నాలుగూ అప్పగించాను. స్పేర్ టైరు అప్పగించాను. బ్రేకులు, ముందు ట్రక్కులు, వెనక ట్రక్కులు, వాళ్ళ పిల్లలు. అక్కడితో అయిపోయింది. అయిపోయిందంటే బయల్దేరాలి. ఆమెన్ అనడానికి నోరు రాలేదు.

"స్నో పడాలి దేవుడా," అన్నాను. "ఇప్పుడే పడాలె. రన్‌వే కనిపించనంత పడాలె. ఒక్క విమానం గూడ లేవొద్దు. ఇయ్యాల గాదు, రేపు గాదు. ఈ మనిషిని ఎక్కడికీ తీస్కపోవద్దు."

వెనక వదిన ఏడుపు వినిపించింది. నేను కళ్ళు తెరిచి అన్న వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. తల మాత్రం కదిలింది. అప్పటికి ఆయన శరీరంలో ఆయన మాట వినేది ఆ మెడ ఒక్కటే. మెల్లగా ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పారు. వద్దని.

నేను ఆగాను. ఆయనా కళ్ళు తెరవకుండా ఆగారు. నేను దిద్దుకునేదాకా తెరవరని నాకు తెలుసు.

"సరే, స్నో వద్దు," అన్నాను. "అందరూ మంచిగ చేరాలి. ఆమెన్."

అన్న కళ్ళు తెరిచారు. నేను తాళం తిప్పాను. విమానం టైముకే ఎగిరింది.